తరువాతి కథ

కథ వినువాడు ఊకొట్టుచునే యుండును. కథ యొకచోట ఆగినంతనే వాని నోట వెలువడు మాట యొక్కటే: "తరువాత?" ఈ చిన్న మాటకు గొప్ప బలము కలదు. నిద్ర ముంచుకొని వచ్చుచున్న బాలుని ఇది మేలుకొలుపును. అలసిన అమ్మమ్మ చేత ఇది మరల మాటాడించును. రాత్రి ఆగిన కథను మరునాటి రాత్రి వఱకు మనసులో ఆరిపోకుండ కాపాడును.

తెలుగువారు ఈ మాటను తరతరములుగా ఎఱుగుదురు. తోలుబొమ్మలాటవారు రామాయణమును ఒక్క రాత్రిలో ముగింపక, రాత్రికి కొంత చొప్పున ఆడెడివారు. గుడి మండపములో పురాణము చెప్పు పెద్ద, కథ రసవత్తరముగా నున్న తావున ఆపి, మంగళము పాడి, మిగిలినది రేపనెడివాడు. శ్రోతలు ఇండ్లకు పోయియు ఆ ఘట్టమునే తలచుకొనెడివారు.

మన ఆంధ్ర మహాభారతమే ఇందులకు గొప్ప నిదర్శనము. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరమున నన్నయ భట్టారకుడు ఆది, సభా పర్వములను, అరణ్య పర్వములో కొంత భాగమును రచించెను. 13వ శతాబ్దిలో తిక్కన సోమయాజి విరాట పర్వము మొదలు 15 పర్వములను తెలుగు చేసెను. నడుమ నిలిచిపోయిన అరణ్య పర్వ శేషమును 14వ శతాబ్దిలో ఎఱ్ఱాప్రగడ పూరించెను. వెనుక వచ్చిన కవులు తమ కిష్టమైన వేఱొక కథను అందులో చొప్పింపలేదు. ముందువాడు వేసిన బాటను గౌరవించి, ఆ బాట వెంట కథను గమ్యమునకు చేర్చిరి. తరువాతి కథ చెప్పువానికి మొదటి ధర్మ మిదియే. మొదటి భాగము శ్రోతకు ఒక మాట ఇచ్చును. రెండవ భాగము ఆ మాట చెల్లింపవలెను.

నేడు ఇట్టి తరువాతి కథలను మనము వెండితెర మీదను చూచుచున్నాము. ఒక చలనచిత్రము జనాదరణము పొందినచో దానికి రెండవ భాగము తీయుట పరిపాటి యైనది. వీనిలో కొన్ని మొదటి చిత్రము పేరును వాడుకొనుటకే పుట్టినవి. మఱికొన్ని మొదటినుండియు రెండు భాగములుగా సంకల్పింపబడినవి. ఈ రెండవ తెగకు చెందినది 'బాహుబలి'. విజయేంద్రప్రసాద్ రచించిన ఈ కథకు ఆయన కుమారుడు ఎస్. ఎస్. రాజమౌళి దర్శకత్వము వహించెను. మొదటి భాగము 2015వ సంవత్సరము జూలై 10వ తేదీన విడుదల యయ్యెను. రెండవ భాగము 2017వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన వచ్చెను. నడుమ గడచినవి 21 నెలలకు పైగా.

ఆ 21 నెలలును ఒక ప్రశ్న దేశమంతట తిరిగెను. మాహిష్మతి యను కల్పిత రాజ్యములో అమరేంద్ర బాహుబలి ప్రజలకు ప్రాణము వంటి వీరుడు. కట్టప్ప ఆ రాజసింహాసనమునకు కట్టుబడిన దాసుడు. బాహుబలిని ఎత్తుకొని పెంచినవాడు. బాహుబలి ఆతనిని మామా యని పిలుచును. అట్టి కట్టప్పయే తన చేతులతో బాహుబలిని చంపితినని చెప్పుటతో మొదటి భాగము ముగిసెను. చంపుటకు కారణము చెప్పలేదు. తెలుగువారే కాదు, తమిళులు, హిందీవారు, మలయాళీలు కూడ తమ తమ భాషలలో ఆ కారణమునే అడిగిరి. బస్సులలోను, పాఠశాలల ఆటస్థలములలోను ఊహలు సాగెను. పెద్దలును పిల్లలును సమానముగా "తరువాత?" అని యడిగిన కథ ఈ కాలమున ఇంత విరివిగా మఱి యొకటి లేదనవచ్చును.

ఇట్టి కథను ఊరిలోని సినిమాహాలులో కుటుంబముతో కలిసి చూచుట ఎట్లుండునో ఒక్కసారి ఊహించుకొనుడు. అది వేసవి సెలవుల కాలము. ఒక చిన్న పట్టణము. నాయనమ్మ, తల్లి, తండ్రి, ఎనిమిదవ తరగతి చదువు అక్క, ఆమె కంటె నాలుగేండ్లు చిన్నవాడైన తమ్ముడు మొదటి ఆటకు బయలుదేరిరి. పూర్వము హాలులో నేల, బెంచీ, కుర్చీ యని తరగతు లుండెడివి. కిటికీలో చేయి దూర్చి టిక్కెట్టు తీసికొనుట యొక విద్యగా నుండెడిది. ఇప్పుడు తండ్రి చరవాణిలోనే టిక్కెట్లు కొనినాడు. నాయనమ్మకు మాత్రము వాకిటి యొద్ద టిక్కెట్టు చింపి చేతి కిచ్చిననే సినిమాకు వచ్చినట్లు తోచును.

ఈ చిత్రమునకు సెన్సారువారు 'యు/ఎ' ధ్రువపత్ర మిచ్చిరి. పండ్రెండేండ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల మార్గదర్శనము అవసరమని ఆనాడు దాని యర్థము. ఇందులో యుద్ధములు, కత్తిపోట్లు, రక్తపాతము కలవు గదా! భయము కలిగినపుడు పట్టుకొనుటకు తమ్మునికి ప్రక్కనే నాయనమ్మ చేయి కలదు. పిల్లలు పెద్దలతో కలిసి చూచుటలోని మొదటి మేలు ఇది.

హాలులో దీపము లారిపోయెను. తెర వెలిగెను. మన మక్కడ చూచుచున్నది చలనము కాదు సుమా! సెకనుకు 24 నిశ్చల చిత్రములు తెరపై పడుచుండును. మన కన్నును మెదడును వానిని వేఱువేఱుగా గుర్తింపజాలక, ఒకే కదలికగా గ్రహించును. ఈ లెక్కన గంటకు 86,400 చిత్రములు. దినమునకు ఎన్ని సెకనులో, గంట సినిమాకు అన్ని చిత్రములన్న మాట! పూర్వము ఇవి పొడవైన ఫిల్ము చుట్టలపై నుండెడివి. చుట్ట తెగినపుడు ఆట ఆగెడిది. జనులు ఈలలు వేసెడివారు. ఇప్పుడు చుట్టలు లేవు. చిత్రము అంకెల రూపమున నిక్షిప్తమై వచ్చును.

తెరపై మాహిష్మతి మేడలు కనబడగానే తమ్ముడు నోరు తెఱచి చూచుచుండెను. ఆ నగరము భూమిపై ఎచ్చటను లేదు. హైదరాబాదు చేరువనున్న రామోజీ ఫిల్ము సిటీలో కళాదర్శకుడు సాబు సిరిల్ కొంత భాగమును కట్టించెను. మిగిలిన భాగమును నిపుణులు కంప్యూటరులపై చిత్రించిరి. ఛాయాగ్రాహకుడు సెంథిల్ కుమార్ ఆ రెంటిని అతుకు తెలియకుండ చూపెను. మొదటి భాగమున బాలుడు పెరిగిన జలపాతము సైతము ఇట్టిదే. కేరళములోని అతిరప్పిళ్ళి జలపాతమునకు కల్పనను జోడించి దానిని ఆకాశ మంటునట్లు చేసిరి. కట్టినదేదో, చిత్రించినదేదో చెప్పజాలకపోవుటయే వారి పనితనము.

కాని మేడలు ఎంత యెత్తైనను కథ బలహీనమైనచో ప్రేక్షకుడు అరగంటలో ఆవులించును. రెండవ భాగమును నిలబెట్టినది మేడలు కాదు, కథలోని ధర్మసంకటము. దానిని క్రమముగా చూతము.

బాహుబలి పట్టాభిషేకమునకు ముందు ప్రజల స్థితి తెలిసికొనుటకై మాఱువేషమున కట్టప్పతో దేశాటనము చేయును. కుంతల రాజ్యమున దేవసేన యను వీరవనితను చూచి ప్రేమించును. ఆమె ప్రేమ పొందుటకై అమాయకుని వలె నటించును. హాలులోని పిల్లలు కడుపుబ్బ నవ్వునది ఇచ్చటనే. ఆ కుంతలముననే కుమారవర్మ యను పిఱికివాడు కలడు. శత్రువులు రాజగృహములో చొరబడినపుడు బాహుబలి వానిని ఎగతాళి చేయడు; ధైర్యము చెప్పి, ఆయుధము పట్టించి, వాని చేతనే ఆడవారిని రక్షింపజేయును. వీరుడనగా తాను గెలుచువాడు మాత్రమే కాడు, ప్రక్కవానికి వెన్నెముక నిచ్చువాడని ఆ ఘట్టము చెప్పుచున్నది.

ఇంతలో మాహిష్మతిలో భల్లాలదేవుడు దేవసేన చిత్రపటమును చూచి, ఆమె తనకు భార్య కావలెనని తల్లియైన శివగామిని అడుగును. శివగామి ధర్మమూర్తి, ఆమె మాటకు తిరుగులేదు. ఆమె వెంటనే మాట ఇచ్చును. దేవసేనకు ఇష్టమున్నదా యని ఆమె అడుగదు. మాట యిచ్చినది ఒకరు. ఆ మాటకు మూల్యము చెల్లింపవలసినది మఱియొకరు! ఇటు బాహుబలి యేమో, ఎట్టి పరిస్థితిలోను నీ గౌరవమునకు భంగము రానీయనని దేవసేనకు మాట యిచ్చియుండెను. నిండు సభలో ఈ రెండు మాటలును ఢీకొనెను. తల్లి ఆజ్ఞయా, ఇచ్చిన మాటయా? బాహుబలి దేవసేన ప్రక్కన నిలిచి, సింహాసనమును విడిచిపెట్టెను.

అచ్చటినుండి కుట్ర చిక్కనగును. భల్లాలుని తండ్రి బిజ్జలదేవుడు కుమారవర్మను రెచ్చగొట్టి భల్లాలునిపైకి పంపి, తుద కాతనిని బలి చేయించును. కుమారవర్మను పంపినవాడు బాహుబలియేనని శివగామి నమ్మును. ఆమె బాహుబలిని పిలిచి విచారింపదు. రాజ్యము రెండుగా చీలకుండవలెనన్న నెపమున రహస్యముగా చంపుమని కట్టప్పకు ఆజ్ఞ ఇచ్చును. నీవు చంపనిచో నేనే చంపుదుననును. కట్టప్ప పూర్వులు సింహాసనమునకు తరతరములు దాస్యము చేయుదుమని ప్రమాణము చేసియుండిరి. ఆ ప్రమాణమునకు కట్టుబడి, ఏడ్చుచు, అతడు బాహుబలిని వెనుకనుండి పొడిచెను.

21 నెలల ప్రశ్నకు సమాధాన మిది! కట్టప్ప శత్రువులకు అమ్ముడుపోలేదు. వానికి బాహుబలిపై కోపము లేదు. ప్రాణముగా ప్రేమించినవానినే, మాట కొఱకు చంపెను. హాలంతయు నిశ్శబ్ద మయ్యెను. అంతవఱకు మొక్కజొన్న పేలాలు తినుచున్న తమ్ముని చేయి పొట్లములోనే నిలిచిపోయెను.

తరువాత నిజము తెలిసి శివగామి కుమిలిపోయి, బాహుబలి పసికందును రాజుగా ప్రకటించి, ఆ బిడ్డతో పారిపోవుచు బాణపు దెబ్బ తిని నదిలో పడును. మొదటి భాగము ఆరంభములో మనము చూచినది, నీటిలో మునిగియు ఒక చేతితో బిడ్డను పైకెత్తి పట్టుకొనిన ఆమెనే. నాడు మనకు ఆమె బిడ్డను రక్షించు వీరమాత. నేడు ఆమె తన తప్పును ప్రాణము ధారపోసి దిద్దుకొనుచున్న తల్లి. దృశ్య మదియే, దాని యర్థము మాఱినది. మంచి రెండవ భాగమునకు గుఱుతు ఇదియే. అది మొదటి భాగము కంటె పెద్దదిగా నుండనక్కఱలేదు. మొదటి భాగమును మనము మరల క్రొత్త కన్నులతో చూచునట్లు చేయవలెను. 2025వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన ఈ రెండు భాగములను కుదించి, కలిపి, ఒకే చిత్రముగా మరల విడుదల చేయగలిగి రనిన, రెండును ఒకే కథ యనుటకు వేఱు సాక్ష్య మేల?

ఆట ముగిసినది. కుటుంబము ఇంటికి నడచుచున్నది. అసలు పాఠ మిచ్చట మొదలగుచున్నది.

"నాయనమ్మా! కట్టప్ప మంచివాడా, చెడ్డవాడా?" అని తమ్ముడు అడిగెను.

"మంచివాడే నాయనా! కాని ఆ మంచితనము చాలలేదు" అని నాయనమ్మ చెప్పెను.

"రాజమాత ఆజ్ఞ కదమ్మా! దాసుడు ఏమి చేయగలడు?" అని తండ్రి యనెను.

"చేయనని చెప్పగలడు గదా, నాన్నా!" అని అక్క పలికెను.

"అతడు కాదన్నచో ఆమెయే చంపెదనన్నది గదా! అప్పుడును బాహుబలి బ్రతుకడు" అని తల్లి యనెను.

అక్క కొంచెము దూరము మాటాడక నడచి, "అట్లయినచో ఆ సంగతి బాహుబలికే ముందుగా చెప్పియుండవచ్చును గదా, అమ్మా! అతడు తల్లి యెదుటికి వెళ్ళి నిజము చెప్పుకొనెడివాడు" అనెను.

నాయనమ్మ మనుమరాలి వైపు చూచి, "కురుసభలో ద్రౌపదికి అవమానము జరుగుచుండగా ధర్మము తెలిసిన పెద్దలు ఎందఱో కూర్చుండియుండిరి. భీష్ముడును ఉండెను. నీ వన్న ఆ ఒక్క మాటయే వారిలో పలువురి నోట గట్టిగా రాలేదు, తల్లీ!" అనెను.

చూచితిరా! తమ్మునికి తోచినది ప్రశ్న. అక్కకు తోచినది ఉపాయము. నాయనమ్మకు తోచినది భారతము. ఒక్కరే కూర్చుండి చూచియున్నచో ఎవరికి తోచినది వారి యొద్దనే యుండిపోయెడిది. కలిసి చూచుటచేత నలుగురి యాలోచనలు ఒక్కచోట చేరినవి. ఇదియే కుటుంబముతో సినిమా చూచుటలోని రెండవ మేలు, మొదటి దానికంటె పెద్ద మేలు.

విధేయత మంచి గుణము. పాఠశాలలో గురువు మాట, ఇంటిలో పెద్దల మాట వినవలసినదే. కాని ఆజ్ఞను పాటించు చేయి మనదైనపుడు, ఆ పని మంచిదా చెడ్డదా యని విచారించు బాధ్యతయు మనదే. సందేహము కలిగినచో వినయముతో అడుగుట అవిధేయత కాదు. ఇచ్చిన మాట నిలుపుకొనుట గొప్పదే. మాట ఇచ్చుటకు ముందు విచారించుట అంతకంటె గొప్పది. శివగామి విచారింపక రెండు మార్లు మాటాడెను. మొదటిసారి కుటుంబము చీలెను. రెండవసారి కుమారుని వలె పెంచినవాడు నేల కొరిగెను.

మఱియొక సంగతి గమనింపుడు. కట్టప్పను బంధించిన ప్రమాణము అతడు చేసినది కాదు. అతని తాతలు చేసినది. తాత చేసిన ప్రమాణమునకు మనుమడు దాసుడు కావలెనా? ఇది కథలోని ప్రశ్న మాత్రమే కాదు. మన దేశమున తాతలు తీసికొనిన అప్పులకు మనుమలు వెట్టిచాకిరి చేసిన కాలము కలదు. మన రాజ్యాంగము 23వ అధికరణము వెట్టిచాకిరిని నిషేధించుచున్నది. 1976వ సంవత్సరపు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అట్టి అప్పులను, వంశపారంపర్యముగా వచ్చిన కట్టుబాట్లను రద్దు చేసినది. మాహిష్మతిలో ఇట్టి చట్టమున్నచో కట్టప్ప తలయెత్తి "చేయను" అని యుండెడివాడేమో! కథలోని రాజ్యము ఎంత యందమైనదైనను, మన గణతంత్రములోని సామాన్యునికి అచ్చటి దాసునికి లేని హక్కు కలదని మఱువరాదు.

2015వ సంవత్సరమునకు గాను మొదటి భాగమునకు జాతీయ ఉత్తమ చిత్రముగా పురస్కారము లభించెను. తెలుగు చిత్రమునకు ఆ గౌరవము దక్కుట అదియే మొదటిసారి. రెండవ భాగమునకు 2017వ సంవత్సరమునకు గాను సంపూర్ణ వినోదము నందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రముగా జాతీయ పురస్కారము వచ్చెను. ఈ గౌరవములు తీసినవారివి. చూచినవారికి దక్కవలసినది వేఱొకటి కలదు. అది ఆలోచన.

కావున బాలబాలికలారా! ఈసారి మీరు ఇంటివారితో ఏ చిత్రము చూచినను, తిరిగి వచ్చుచు దారిలో ఒక్క ప్రశ్న వేయుడు: "ఆ స్థానమున నీవే యుండిన ఏమి చేసియుందువు?" ముందుగా ఇంటిలో పెద్దవారిని చెప్పనిండు. పిదప మీరు చెప్పుడు. ఏకాభిప్రాయము కుదరకున్నను చింత లేదు.

ప్రశ్నలు

1. తరువాతి కథ చెప్పువాని మొదటి ధర్మ మేది? ఆంధ్ర మహాభారత రచనము ఇందుల కెట్లు నిదర్శనము?

2. శివగామి దేవసేన విషయమున చేసిన పొరపాటు ఎట్టిది? మీ మాటలలో వ్రాయుడు.

3. "మంచివాడే, కాని ఆ మంచితనము చాలలేదు" అని నాయనమ్మ ఎవరిని గూర్చి, ఏల అనెను? మీరు ఆమెతో ఏకీభవింతురా?

4. మీరు కుటుంబముతో చూచిన యొక చిత్రమును గూర్చి, చూచిన పిదప ఇంటిలో జరిగిన సంభాషణమును పది వాక్యములలో వ్రాయుడు.